ఎడ్వర్డు ఎవరు అవ్వా?

ప్యారిస్‌లో శనివారం ఉదయం 8.30. మా ఊళ్లో మధ్యాహ్నం 12.

అవ్వ వీడియో కాల్ చేసింది. అవ్వ వీడియో కాల్ అంటే సగం నుదురు, సగం సీలింగ్ ఫ్యాన్. మిగతాది మనమే ఊహించుకోవాలి.

"తింటివా నాయనా?"

"తిన్నా అవ్వా. మీరు?"

"మాకేమిలే. రోడ్డు వెడల్పు చేస్తారంట. నిన్న వచ్చి గోడకి ఎర్ర గీత గీసిపోయినారు."

మాది కుప్పం పక్కన చిన్న ఊరు. ఇంటి ముందు నాలుగడుగుల ప్రహరీ గోడ. నేను క్రికెట్ ఆడుతూ రెండుసార్లు పళ్లు విరగ్గొట్టుకున్నది ఆ గోడ మీద నుంచి పడే. ఆ గోడ పోతుందంటే నాకే బాధేసింది, అవ్వకెంత ఉంటుందో అనుకున్నా.

"గోడ పోతే పోనీరా, మళ్లా కట్టుకోవచ్చు. ఎడ్వర్డు రోజా పోతాది కదా" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. గోడకి ఆనుకుని ఉండే రోజా చెట్టు. ముదురు గులాబి రంగు, గట్టి వాసన. పొద్దున కోసి దేవుడి పటానికి పెడితే సాయంత్రానికి రేకులు రాలిపోతాయి. మా వైపు దాన్ని ఎడ్వర్డు రోజా అంటారు. ఆరో తరగతిలో సోషల్ పుస్తకంలో బ్రిటన్ రాజుల పేర్లు చదివాక, ఇది ఆ ఎడ్వర్డు రాజు పంపిన పువ్వే అని నాకు నేనే నిర్ణయించేసుకున్నా. మా ఇంట్లో రాజుగారి రోజా ఉందని క్లాసులో గొప్పలు కూడా చెప్పుకున్నా. ఎవరూ కాదనలేదు. ఎవరికీ తెలియదు కాబట్టి.

"అవ్వా, ఇంతకీ ఎడ్వర్డు ఎవరు?"

"నాకేం తెలుసురా. ఎవరో దొర."

ఫోన్ పెట్టేశాక రెండు వారాల కిందటి మాట ఒకటి గుర్తుకొచ్చింది. నేను మూడు నెలల ఆన్‌సైట్ మీద ఇక్కడికొచ్చా. లంచ్‌లో మా టీమ్‌లో ఒకావిడ అంది: "ఊరికి దక్షిణాన ఒక గులాబీ తోట ఉంది. పాత రకాలన్నీ అక్కడే. జూన్‌లో వెళ్లకపోతే ఇంకెప్పుడూ వెళ్లనక్కర్లేదు." అప్పుడు తలూపి మర్చిపోయా. గులాబీలు చూడ్డానికి ఐఫిల్ టవర్ వదిలి ఎవరు పోతారు!

ఆ శనివారం నేను పోయా.

పువ్వు పేరు పెట్టుకున్న ఊరు

ఆ ఊరి పేరు లాయి లే రోజ్. ప్యారిస్ నడిబొడ్డు నుంచి ఆర్‌ఈఆర్ 'బి' లైన్ రైలెక్కి బూర్ లా రేన్ స్టేషన్‌లో దిగి, అక్కడి నుంచి బస్సు. 2024 జూన్ నుంచి 14వ నంబర్ మెట్రో కూడా ఆ ఊరిదాకా వచ్చింది. మన దగ్గర సిటీ చివర కాలనీలకి వెళ్తే ఎలా ఉంటుందో అలానే ఉంది దారి. అపార్ట్‌మెంట్లు, సూపర్ మార్కెట్, బస్ షెల్టర్‌లో ఫోన్లు చూసుకుంటున్న పిల్లలు.

ఈ ఊరి అసలు పేరు లాయి మాత్రమే. 1914లో అధికారికంగా "లే రోజ్", అంటే "గులాబీల" అనే మాట చేర్చుకుంది. ఊరు పూలకి పేరు పెట్టడం కాదు, పూలే ఊరికి పేరు పెట్టాయి. కారణం జూల్ గ్రావెరో అనే ఆయన. ప్యారిస్‌లో బాన్ మార్షే అనే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో పనిచేసి బాగా సంపాదించాడు. 1892లో ఇక్కడ స్థలం కొన్నాడు. ఆ తర్వాత గులాబీల పిచ్చి పట్టుకుంది. ప్రపంచంలో ఎక్కడ కొత్త రకం ఉందన్నా తెప్పించేవాడు. స్థలం చాలక 1899లో ఎదువార్ ఆంద్రే అనే తోటల డిజైనర్‌ని పిలిచి, గులాబీలకే ప్రత్యేకంగా ఒక తోట గీయించాడు.

తోట ఎంతో పెద్దది అనుకునేరు. ఒకటిన్నర హెక్టారు. అంటే మన లెక్కలో నాలుగెకరాలు కూడా లేదు. అందులోనే దాదాపు 3,000 రకాలు.

టికెట్ తీసుకుని లోపల అడుగుపెట్టగానే ముందు తగిలింది వాసన. తర్వాత రంగు. ఎదురుగా చెక్క పట్టీలతో కట్టిన పెద్ద పందిరి. దాని నిండా పాకిన ఎర్ర గులాబి రంగు తీగ. కింద చిన్న బోర్డు: అలెగ్జాంద్ర్ జీరో, బార్బియే, 1909. పువ్వు పేరు, పుట్టించినవాడి పేరు, పుట్టిన సంవత్సరం.

మొదట పది నిమిషాలు అందరిలాగే ఫొటోలు తీశా. తర్వాత ఫొటోలు తీయడం మానేసి బోర్డులు చదవడం మొదలుపెట్టా. రోజంతా కోడ్‌లో ఏ లైన్ ఎవరు రాశారు, ఎప్పుడు మార్చారు అని వెతికే ఉద్యోగం కదా, అలవాటు పోదు. ఒక పేరు నచ్చితే ఫోన్‌లో వెతకడం, బెంచీ మీద కూచుని చదవడం, మళ్లీ లేవడం. అలా సాయంత్రమైపోయింది.

మేడమ్‌లు, వాళ్ల సొంత పేర్లు

మొదట ఆగింది మేడమ్ హార్డీ దగ్గర. తెల్లటి పువ్వు. రేకులన్నీ మడతలు పెట్టినట్టు వరసగా ఉండి, సరిగ్గా మధ్యలో చిన్న ఆకుపచ్చ బొట్టు. 1832లో పుట్టింది. ప్యారిస్‌లోని లక్సెంబర్గ్ గార్డెన్స్ చూసుకునే అలెగ్జాంద్ర్ హార్డీ దీన్ని పుట్టించి భార్య పేరు పెట్టాడు. బాగుంది కదా, భార్యకి గిఫ్ట్.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. గులాబీ గింజ నాటితే తల్లి మొక్క లాంటిదే రాదు. ప్రతి గింజా కొత్త రకమే. అదే రకం కావాలంటే కొమ్మ నాటాలి, లేదా అంటు కట్టాలి. అంటే నా ముందున్న మేడమ్ హార్డీ, 1832లో ఆయన చేతిలో పూసిన మొక్కకి మనవరాలు కాదు. ఆ మొక్కే. ఆ కొమ్మ ముక్కే ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుతూ, ఇన్ని యుద్ధాలు, ఇన్ని చలికాలాలు దాటి వచ్చింది. మధ్యలో ఎవరూ కొమ్మ నాటకపోతే పాత కేటలాగుల్లో పేరు మాత్రం మిగిలేది. పువ్వు ఉండేది కాదు. బ్యాకప్ తీసుకోని డేటా లాంటిదన్నమాట.

అది చదివాక గోడ మీద ఎర్ర గీత మళ్లీ గుర్తొచ్చింది.

మేడమ్ హార్డీ పక్కన ఇంకో మేడమ్. ఆ వరసలో ఇంకో మేడమ్. లెక్కపెట్టడం మొదలుపెట్టి ముప్ఫై దగ్గర వదిలేశా. అప్పుడు తట్టింది: ఈ మేడమ్‌లలో చాలామందికి సొంత పేరు లేదు. మేడమ్ హార్డీ సొంత పేరు బోర్డు మీద ఎక్కడా లేదు. పువ్వు ఆవిడది, పేరు ఆయనది.

నవ్వొచ్చింది, కాసేపే. ఎందుకంటే మా ఊళ్లో మా అవ్వని కూడా ఎవరూ పేరు పెట్టి పిలవరు. తాత ఉన్నన్నాళ్లూ మేస్త్రీ పెండ్లాము. తాత పోయాక రోజా చెట్టు అవ్వ. రేషన్ కార్డు మీద ఉన్న పేరు రేషన్ షాపులో మాత్రమే వినపడేది.

సొంత పేరుతో నిలబడిన మేడమ్ ఒకావిడ కూడా దొరికింది: మేడమ్ కరోలిన్ తెస్తూ. 1890. పెద్ద పెద్ద గులాబి రంగు పూలు. ఆవిడ ఫ్యాషన్ డిజైనర్. ప్యారిస్‌లో, లండన్‌లో బట్టల షాపులుండేవి. లియోన్ నగరంలో జోసెఫ్ పెర్నే దుషే అనే గులాబీల పెంపకందారు దగ్గర కొత్త పువ్వు ఒకటి తన పేరు మీద తీసుకుంది. ఇప్పటి భాషలో బ్రాండింగ్. ఎంత బాగా పనిచేసిందంటే, అమెరికాలో పోర్ట్‌లాండ్ నగరం గులాబీల నగరం అనిపించుకోవాలనుకున్నప్పుడు, వీధుల వెంట వేలకొద్దీ ఈ మొక్కలే నాటారు. ఆవిడ కుట్టిన గౌన్లు ఈరోజు ఎవరు చూశారు? పువ్వు మాత్రం పూస్తూనే ఉంది.

రెండు గులాబీలు

పెర్నే దుషే పేరు గుర్తుపెట్టుకోండి. ఈయనకి ఇంకో కథ ఉంది.

అప్పటిదాకా ఐరోపా తోటల్లో పెద్ద పూల గులాబీలకి ముదురు పసుపు రంగు లేదు. ఈయన పర్షియా నుంచి వచ్చిన పసుపు గులాబీతో ఏళ్ల తరబడి కుస్తీ పట్టి, 1900లో సొలెయ్ దోర్ అనే పువ్వు తెచ్చాడు. అంటే బంగారు సూర్యుడు. ఈరోజు మన బొకేల్లో కనిపించే పసుపు, నారింజ గులాబీల్లో చాలావాటి వంశం అక్కడిదాకా పోతుంది.

ఈయనకి ఇద్దరు కొడుకులు, క్లాడియస్, జార్జ్. నాన్న తర్వాత నర్సరీ వాళ్లు చూసుకోవాలి. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఇద్దరూ వెళ్లారు. ఇద్దరూ తిరిగి రాలేదు.

1920లో పెర్నే దుషే ఒక పసుపు గులాబీ విడుదల చేశాడు. పేరు సువెనీర్ ద క్లాడియస్ పెర్నే. మరుసటి ఏడాది ఇంకో గులాబీ, సువెనీర్ ద జార్జ్ పెర్నే. సువెనీర్ అంటే మనకి తెలిసింది ఫ్రిజ్‌కి అతికించే అయస్కాంతం బొమ్మ. ఫ్రెంచిలో ఆ మాటకి అర్థం జ్ఞాపకం.

ఈ కథ చదువుతున్నప్పుడు పక్క బెంచీలో ఒక ముసలాయన టోపీ ముఖం మీద పెట్టుకుని నిద్రపోతున్నాడు. పిల్లలు పందిరి కింద పరిగెడుతున్నారు. నేను ఫోన్ లోపల పెట్టేసి కాసేపు ఊరికే కూచున్నా. రోజూ పొద్దున్నే లేచి, కొడుకుల పేర్లున్న మొక్కలకి అంటు కట్టే ఆ తండ్రి గురించి ఆలోచిస్తూ.

జ్ఞాపకాల పేర్లన్నీ ఇంత నిజమైనవి కావు. సువెనీర్ ద లా మాల్మెజాన్ అనే లేత గులాబి రంగు పువ్వుంది. మాల్మెజాన్ అంటే నెపోలియన్ భార్య జోసెఫీన్ గులాబీలు పెంచిన బంగళా. పేరు వింటే ఆవిడ తోటలోదే అనిపిస్తుంది. కానీ జోసెఫీన్ 1814లో చనిపోయింది. పువ్వు లియోన్‌లో పుట్టింది 1843లో. ఆవిడ ఆ పువ్వు ఎప్పుడూ చూడలేదు. పేరు మాత్రం ఆవిడ ఇంటిది.

ఒకే పువ్వు, నాలుగు పేర్లు

సాఫ్ట్‌వేర్ వాళ్లకి బాగా నచ్చే కథ ఇది. ఫ్రాన్సిస్ మెయాన్ అనే కుర్రాడు 1935లో చేసిన ప్రయోగంలో ఒక మొక్క వచ్చింది. దానికి పేరు లేదు. నంబరే: 3-35-40. అచ్చం మన బిల్డ్ నంబర్. పెద్ద పువ్వు, లేత పసుపు, రేకుల అంచున గులాబి రంగు.

1939లో యుద్ధం ముంచుకొచ్చేలోపే ఆ మొక్క కొమ్మలు జర్మనీకి, ఇటలీకి, అమెరికాకి పంపించాడు. ఆ తర్వాత సరిహద్దులు మూసుకుపోయాయి. ఉత్తరాల్లేవు. ఎవరి దగ్గర కొమ్మ బతికిందో, ఎవరి దగ్గర చచ్చిందో తెలియదు.

బతికింది. అన్నిచోట్లా. కానీ ఒకరితో ఒకరికి మాటల్లేవు కాబట్టి ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టుకున్నారు. జర్మనీలో గ్లోరియా దేయి, అంటే దేవుడి మహిమ. ఇటలీలో జోయా, అంటే ఆనందం. ఫ్రాన్స్‌లో మేడమ్ ఆ. మెయాన్, ఫ్రాన్సిస్ వాళ్లమ్మ పేరు మీద. అమెరికాలో 1945 ఏప్రిల్ 29న, ఐరోపాలో యుద్ధం చివరికొచ్చిన రోజుల్లో, దానికి పీస్ అని పేరు పెట్టారు. శాంతి. కొద్ది రోజులకే శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్యసమితి ఏర్పాటు కోసం చేరిన ప్రతినిధి బృందాలకి ఈ పూలు ఇచ్చారు.

నాలుగు దేశాలు, నాలుగు పేర్లు, ఒకే మొక్క. మనుషులు కొట్టుకుంటున్నంతకాలం అది ఎవరి తోటలో పూయాలో అక్కడ పూసింది.

ఇంకో మాట. మేడమ్ ఆ. మెయాన్‌లో ఆ "ఆ" ఎవరిదో తెలుసా? ఆయన పేరు ఆంత్వాన్. ఆవిడ పేరు క్లాడియా. మళ్లీ అదే కథ.

బెంగాల్‌ది కాని బెంగాల్ గులాబీ

తోటలో తూర్పు దేశాల గులాబీలకి విడిగా ఒక భాగం ఉంది. అక్కడ ఫ్రెంచివాళ్లు వాడే పాత మాటొకటి తగిలింది: రోజియే ద్యు బెంగాల్. బెంగాల్ గులాబీ.

మన బెంగాలా! ఛాతీ కొంచెం పొంగింది. చదివితే తుస్సుమంది. అవి చైనా గులాబీలు.

18వ శతాబ్దం చివర్లో ఐరోపా గులాబీలకి ఒక పెద్ద లోటుండేది. దాదాపు అన్నీ ఏడాదికి ఒక్కసారే పూసేవి. జూన్ అయిపోతే మళ్లీ జూన్‌దాకా ఆకులే. చైనాలోనేమో తోటమాలులు కొన్ని వందల ఏళ్లుగా ఏడాది పొడవునా పూసే గులాబీలు పెంచుతున్నారు. ఈస్టిండియా కంపెనీ ఓడలు వాటిని తెస్తూ దారిలో కలకత్తాలో ఆగేవి. అక్కడి బొటానికల్ గార్డెన్‌లో మొక్కలు తేరుకున్నాక మళ్లీ ప్రయాణం. పుట్టింది ఒకచోట, ట్రాన్సిట్ ఇంకోచోట. కొరియర్ స్టేటస్‌లో చివరి హబ్ పేరు చూసి వస్తువు అక్కడే తయారైందనుకున్నట్టు, అది బెంగాల్ గులాబీ అయిపోయింది. శాస్త్రవేత్తలు రోజా ఇండికా అని కూడా రాసేశారు.

అలా వచ్చిన వాటి ఇంగ్లీషు పేర్లు చూడండి. స్లేటర్స్ క్రిమ్సన్ చైనా. స్లేటర్ ఈస్టిండియా కంపెనీ డైరెక్టరు. పార్సన్స్ పింక్ చైనా. పార్సన్స్ ఇంగ్లండ్‌లో ఎవరి తోటలో అయితే అది పూసిందో ఆ పెద్దమనిషి. హ్యూమ్స్ బ్లష్, 1809, సర్ ఏబ్రహాం హ్యూమ్ పేరు మీద. మొక్కని వందల ఏళ్లు కాపాడిన చైనా తోటమాలి పేరు ఒక్కటీ లేదు. పార్సన్స్ పింక్‌కి చైనాలో పేరు యూయె యూయె ఫెన్. నెలనెలా పూసే గులాబి రంగు పువ్వు అని అర్థం. ఆ పేరులో ఏ దొరా లేడు. పువ్వు చేసే పని మాత్రమే ఉంది.

అప్పుడు నాకు మా ఎడ్వర్డు గుర్తొచ్చాడు. ఈయన కూడా ఇలాంటి దొరేనా?

దొరికిన ఎడ్వర్డు

బూర్బోన్ గులాబీల వరస దగ్గరికి వచ్చేసరికి సాయంత్రం 5 అయింది. ఎండ ఇంకా మధ్యాహ్నంలాగే ఉంది. ఒక పొద దగ్గర వంగి వాసన చూశా. తలెత్తి మళ్లీ చూశా. మూడోసారి కళ్లు మూసుకుని చూశా.

మా ఇంటి గోడ. పొద్దున్నే అవ్వ పళ్లెంలో పూలు. తడి మట్టి. అదే వాసన. పువ్వు మాత్రం వేరేది, రేకులు ఎక్కువ.

అక్కడే నిలబడి వెతికా. బూర్బోన్ అంటే ఒక దీవి పాత పేరు. హిందూ మహాసముద్రంలో, మడగాస్కర్‌కి తూర్పున ఉంది. ఫ్రెంచివాళ్లది. ఇప్పటి పేరు రీయూనియన్. 19వ శతాబ్దం మొదట్లో అక్కడ పొలాల చుట్టూ కంచెకి గులాబీ మొక్కలు నాటేవాళ్లు. ఒక వరస చైనా రకం, ఒక వరస డమాస్క్ రకం. రెండూ పక్కపక్కనే పూసేవి. తేనెటీగలకి సరిహద్దులుండవు కదా, రెండింటికీ పెళ్లి చేసేశాయి. అలా ఒక కంచెలో కొత్త మొక్క కనపడింది. డమాస్క్ వాసన, చైనా గులాబీలా మళ్లీ మళ్లీ పూసే గుణం. ఎదువార్ పెరిషోన్ అనే ఆయన స్థలంలో దొరికిందని దీవిలో వాళ్లు దాన్ని రోజ్ ఎదువార్ అన్నారు.

1817లో ఆ దీవి బొటానికల్ గార్డెన్ చూసుకోవడానికి వచ్చిన బ్రెయోన్ అనే ఆయన దాన్ని గమనించి, గింజల్ని ఫ్రాన్స్‌కి పంపించాడు. ఓర్లియాన్స్ డ్యూక్ తోటమాలి జాక్ వాటిని మొలిపించాడు. బూర్బోన్ గులాబీల వంశం మొత్తం అక్కడ మొదలైంది. ఇందాకటి మాల్మెజాన్ జ్ఞాపకం కూడా ఆ వంశందే.

ఎదువార్‌ని ఇంగ్లీషులో పలికితే? ఎడ్వర్డ్.

ఫోన్ పట్టుకుని గట్టిగా నవ్వేశా. పక్కన స్ట్రోలర్ తోస్తున్న ఒకావిడ నన్ను చూసి కొంచెం పక్కకి జరిగింది. రాజు లేడు, కిరీటం లేదు. సముద్రం మధ్యలో ఒక దీవి, ఒక కంచె, ఒక స్థలం యజమాని. ఆ పేరే మన దేశంలో ఎడ్వర్డ్ రోజాగా పాతుకుపోయింది. దక్షిణాదిలో ఇప్పటికీ దండలకి, పూజలకి పండించే వాసన రోజాల్లో అదొకటి. దాని పక్కనే ఆంధ్రా రెడ్ అనే ఇంకో పేరు కూడా వ్యవసాయ పుస్తకాల్లో వినపడుతుంది.

నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఇంకొంచెం చదివితే ఆ దీవిలో బానిసత్వం రద్దయింది 1848లో అని ఉంది. అంటే 1817 నాటి ఆ పొలాల్లో పనిచేసింది బానిసలు. కంచెలో మొక్కలు నాటిన చేతులు, నీళ్లు పోసిన చేతులు ఎవరివై ఉంటాయో ఊహించడం కష్టం కాదు. ఇంకో సంగతి కూడా ఉంది. 1820ల చివర్లో అదే దీవికి పనివాళ్లని మన యానాం నుంచి ఓడల్లో తీసుకెళ్లారు. తెలుగువాళ్లు. ఆ కంచెల పక్కనుంచి వాళ్లు కూడా నడిచే ఉంటారు. ఇంటి మీద బెంగతో ఒక పువ్వు కోసుకుని వాసన చూసే ఉంటారని నాకు అనిపించింది.

ఆ తోటలో రోజ్ ఎదువార్ మొక్క నాకు కనపడలేదు. మూడు వరసలు తిరిగా. మూసే టైమయింది. 3,000 రకాలున్న ఆ తోటలో నాకు దొరకని మొక్క, కుప్పం పక్కన ఎర్ర గీత గీసిన గోడ అవతల పూస్తోంది.

పెన్సిలు మందం కొమ్మ

గేటు బయట బెంచీ మీద కూచుని అవ్వకి ఫోన్ చేశా. అక్కడ రాత్రి 10.30 అయింది. అయినా ఎత్తింది.

"అవ్వా, ఎడ్వర్డు రాజు కాదంట. ఒక దీవిలో పొలం ఆసామి."

"అట్లనా" అంది. పెద్ద ఆశ్చర్యమేమీ లేదు. "అయినా మాకు ఆయన ఇచ్చినాడా ఏమి? మా యమ్మ ఇచ్చింది."

"ఎప్పుడు?"

"నా పెండ్లికి. పెట్టెలో చీరలు పెట్టి, పైన తడి గుడ్డలో చుట్టి రెండు కొమ్మలు పెట్టింది. ఒకటి చచ్చిపాయె. ఒకటి బతికె. మా యమ్మకి గుడికాడ అయ్యగారి పెండ్లాము ఇచ్చింది. ఆయమ్మకి ఎవరిచ్చినారో."

నేను పొద్దుట్నుంచి బోర్డుల మీద వెతుకుతున్న కథ ఇదే. ఏ బోర్డు మీదా లేదు. కంచె నాటిన మనిషి నుంచి మా ఇంటి గోడదాకా ఎన్ని చేతులు మారిందో ఎవరూ రాయలేదు. ఆఖరి మూడు చేతుల్లో రెండు నాకిప్పుడే తెలిశాయి. మూడోది ఫోన్ పట్టుకుని నాతో మాట్లాడుతోంది.

"అవ్వా, చెట్టు పోకూడదు. తమ్ముడితో కొమ్మలు నాటిద్దాం."

మా చిన్నాయన కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. మరుసటి రోజు గ్రూప్ కాల్. అవ్వ చెప్తుంటే వాడు చేశాడు, నేను ప్యారిస్‌లో నోట్స్ రాసుకున్నా. మీకూ పనికొస్తుంది: పూసి అయిపోయిన కొమ్మ, పెన్సిలు మందం, నాలుగు కణుపులు. కింద కణుపు కిందగా ఏటవాలుగా కోయాలి. పైన రెండాకులు ఉంచి మిగతావి తీసెయ్యాలి. పై కోతకి పేడ అద్దాలి. ఎర్రమన్ను, ఇసుక సమంగా కలిపి, రెండు కణుపులు మట్టిలోకి పోయేలా నాటి, నీడలో పెట్టాలి. తడి ఆరకూడదు, నీళ్లు నిలవకూడదు. ముఖ్యమైనది ఆఖరున: వేరు వచ్చిందా లేదా అని పీకి చూడకూడదు.

"రోజూ పీకి చూసేది నీకు అలవాటు కదరా చిన్నప్పుడు" అంది నాతో. నిజమే.

వాడు ఎనిమిది కవర్లలో ఎనిమిది కొమ్మలు నాటాడు. మూడు వారాలకి గోడ పోయింది. చెట్టూ పోయింది. ఆరోజు అవ్వ ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు.

పేరు

ఆ నెలల్లో చదువుతుండగా మన దేశం వాళ్ల కథ ఒకటి దొరికింది. ఎం.ఎస్. వీరరాఘవన్ అని, ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్ అధికారిగా పనిచేసి, ఆ ఉద్యోగం వదిలేసి కొడైకెనాల్‌లో గులాబీలు పుట్టిస్తున్న ఆయన. భార్య గిరిజతో కలిసి ఆయన ఒక గులాబీకి ఇ.కె. జానకి అమ్మాళ్ అని పేరు పెట్టారు. 1897లో పుట్టిన గొప్ప వృక్షశాస్త్రవేత్త ఆవిడ. ఫలానా వారి మేడమ్ కాదు. తన పని, తన పేరు. ఆ తోటలో అన్ని మేడమ్‌లని చూసి వచ్చాక ఆ పేరు చదివితే హాయిగా అనిపించింది.

ఆగస్టులో ఇంటికెళ్లా. ఎనిమిదింటిలో రెండు బతికాయి. ఒకటి వెనక దొడ్లో, బావి గట్టు పక్కన నాటారు. ఇంకోటి ఇంకా కవర్‌లోనే ఉంది. మూడాకుల ఎర్రటి చిగురు.

నేను ప్యారిస్ తోటలో చూసిన బోర్డు లాంటిది ఒకటి చేయించుకుని పోయా. చిన్న రేకు, తెల్ల పెయింటు. ఏమీ రాయించలేదు. మార్కర్ పెన్ను తీసి అవ్వని అడిగా.

"అవ్వా, దీనికి నీ పేరు రాస్తా. ఇప్పటిదాకా కాపాడింది నువ్వు కదా."

"చాల్లే. దానికి పేరుంది కదరా, ఎడ్వర్డు రోజా అని. ఉన్న పేరు తీసి నా పేరెందుకు?"

"ఆయనేం చేశాడని? కొమ్మ నాటింది నువ్వు, మీ అమ్మ."

అవ్వ కాసేపు ఆలోచించింది. "అయితే మా యమ్మ పేరు రాయి, కింద సన్నగా" అంది. "పైన ఎడ్వర్డు ఉండనీ. లేకుంటే రేపు ఎవురన్నా కొమ్మ అడిగితే ఏం చెట్టని చెప్తాము?"

రాశా. పైన ఎడ్వర్డు రోజా. కింద నంజమ్మ. ఆ పేరు నేను వినడం అదే మొదటిసారి. అవ్వ పేరు కూడా రాస్తానంటే పెన్ను లాక్కుంది.

కవర్‌లో ఉన్న రెండో మొక్క నాకిచ్చింది. బెంగళూరు అపార్ట్‌మెంట్‌లో ఐదో అంతస్తు బాల్కనీలో ఉంది ఇప్పుడు. తూర్పు ఎండ పడుతుంది. ఇంకా పూయలేదు. పక్క ఫ్లాట్ ఆంటీ నిన్న అడిగారు, పూశాక ఒక కొమ్మ ఇస్తావా అని.

ఇస్తానన్నా. మూడు పేర్లూ చెప్పి మరీ ఇస్తా.